ఎర్రగుడ్డ కట్టిన చేను

కలుపుకు వచ్చిన ఆరుగురు ఆడవాళ్ళూ గట్టు మీదే నిలబడిపోయారు. చేను నాలుగు మూలలా కట్టెలు నాటి, వాటికి ఎర్రగుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. నిన్న ఇళ్ళకు పోయేటప్పుడు అవి లేవు. అలసంద తీగల మీద పొడి ఏదో చల్లి ఉంది. ఆకు మీద ఆకు కప్పుకున్న చోట పచ్చగా, పైకి తేలిన చోట తెల్లగా, చేనంతా బొల్లి సోకినట్టు కనబడుతోంది.

చేను ఆసామి గంగాధరప్ప, బ్లాకు ఆఫీసు వాళ్ళు నాటించిన రేకు బోర్డు పక్కన నిలబడి ఉన్నాడు.

"దిగండమ్మా, దిగండి. కలుపు తీసేదానికేం కాదు. తినేదానికే పనికిరాదు."

"ఏం చల్లినావన్నా?" అని అడిగింది రామాంజినమ్మ. ఆ ఆరుగురిలో ముందు నోరు తెరిచేది ఎప్పుడూ ఆమే.

"మందు. పురుగుల మందు. ఒక్క చిగురు నోట్లో పెట్టుకున్నా మనిషి నిలవడు. అందుకే ముందే చెప్తాండా. ఈ పొద్దు నుంచి ఒడికి ఆకు లేదు."

కలుపు కూలి దినానికి శేరు జొన్నలు. దానితోపాటు, పని ముగించి పోయేముందు ఒక ఒడి అలసంద చిగురు గిల్లుకుని పోవడం ఆ ఊరి ఆడవాళ్ళకు ముందు నుంచీ ఉంది. అది ఒకరు ఇచ్చింది కాదు, ఒకరు అడిగింది కాదు. గంగాధరప్ప తండ్రి కాలంలోనూ గిల్లారు. ఈ ఏడు ఆషాఢంలో రెండు పదున్లు కురిసి వాన మొహం చాటేసింది. చెరువులో నీళ్ళు లేవు, గట్ల మీద ఆకుకూర అన్నదే మొలవలేదు. ఊళ్ళో పచ్చగా ఉన్నది ఈ రెండెకరాల చేను ఒక్కటే. మూడు వారాలు గొర్రెల మంద నిలిపించి, వేపపిండి వేసి, దిబ్బ ఎరువు తోలించి పెట్టిన చేను అది. పంట బాగా వస్తే కాయంతా విత్తనానికి బ్లాకు వాళ్ళే కొంటామన్నారు. అప్పటినుంచీ గంగాధరప్ప దాన్ని పెళ్ళికూతురిని చూసినట్టు చూస్తున్నాడు.

"నిన్నటి దాకా లేని పురుగు రాత్రికి రాత్రి వచ్చిందేమో," అంది రామాంజినమ్మ చేలోకి దిగుతూ, గంగాధరప్పకు వినబడీ వినబడనట్టు.

అందరికంటే చివర కదిరమ్మ దిగింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. మొగుడు ఓబుళేసు రాప్తాడు దగ్గర రోడ్డు పనిలో కంకర కొడుతున్నాడు, వారానికొకసారి వస్తాడు. ఆమె గోచి బిగించి, సాలులో గొంతుక్కూర్చుని, కలుపు తీసే తొలిక చేతికి తీసుకుంది. అలసంద మొదలు కదలకుండా ఎడమచేత్తో తీగను పక్కకు ఒత్తి పట్టుకుని, కుడిచేత్తో గరికను వేరుతో సహా పెళ్ళగించడం, మన్ను దులపడం, వెనక్కి వేయడం. తీగను ఒత్తిన ప్రతిసారీ పొడి ముంజేతి మీద రాలుతోంది. ఆమె దాన్ని కొంగుతో తుడుచుకుంటూ పోయింది.

పొద్దు వాలేసరికి కావలి కుళ్ళాయప్ప గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు.

"ఒడి దులిపి పోండమ్మా," అన్నాడు, చూపు ఎటో పెట్టి.

"ఏమన్నావు?" అంది రామాంజినమ్మ.

"నేనన్లేదక్కా. గంగాధరప్ప చెప్పినాడు. మందు తిని ఎవురికన్నా ఏమన్నా అయితే ఆయప్ప మీదికి వస్తాదంట."

"మా మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందిరా మీయప్పకు! పోయినేడు పాము కరిచి చిన్నక్క మొగుడు పడిపోతే బండియ్యనోడు!"

చిన్నక్క తల వంచుకుంది. ఒకరి తర్వాత ఒకరు ఒడి విప్పి, దులిపి, మళ్ళీ చెక్కుకుని నడిచారు. కదిరమ్మ కూడా దులిపింది. వక్క ముక్క ఒకటి కింద పడింది. వంగి దాన్ని తీసుకునేటప్పుడు కుళ్ళాయప్ప కాళ్ళు కనిపించాయి. ఆ కాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశాయి.

*

చెప్పు తెగిందని ఆమె వెనకబడింది. చేను పక్కనే ముదిగుబ్బ సంతకు పోయే బండిదావ. దావ ఒడ్డున కూర్చుని తోలు ముడి వేసుకుంటూ ఉండగా, ఉత్త చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని ఒక ఆడమనిషి వచ్చింది. పక్క పల్లె కట్టెలామె. దినమూ పొద్దున మోపు ఎత్తుకుపోయి ముదిగుబ్బలో అమ్మి, సాయంత్రానికి తిరిగి వస్తుంది. ఆమె దావ పక్క సాలులోకి వంగి, రెండు చేతులా చకచకా చిగుళ్ళు గిల్లి ఒడిలో వేసుకుంది. ఎర్రగుడ్డ ఆమెకు కనబడలేదో, కనబడినా దిష్టికి కట్టారనుకుందో.

కదిరమ్మ నోరు తెరిచింది. 'అక్కా, మందు చల్లినారు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగింది. కట్టెలామె ఒడి చెక్కుకుని, ఆమెను చూసి నవ్వి, తన దావన తాను పోయింది. దావ మలుపులో చుట్టకుదురు మరుగయ్యేదాకా కదిరమ్మ తోలు ముడి పట్టుకుని అట్లాగే కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి మసక పడింది. అత్త తిప్పమ్మ కొర్ర సంగటి కెలికి దించుతోంది. బిడ్డ చౌడి అమ్మ గొంతు విని లేచి, వాకిట్లో ఉన్న రోలు కనబడక దానికి తగిలి బోర్లా పడింది. నెల నుంచీ అంతే. పగలంతా మేకపిల్ల మాదిరి ఎగిరే బిడ్డ, పొద్దు మునిగితే గోడ తడుముతుంది. ముదిగుబ్బ ఆసుపత్రిలో కాంపౌండరు కనురెప్పలు ఎత్తి చూసి, 'మందెందుకమ్మా, దినమూ ఆకుకూర పెట్టు, చూపు అదే దారికొస్తాది' అన్నాడు. కలుపు మొదలైన ఎనిమిది దినాలు పెట్టింది. నిన్న సాయంత్రం బిడ్డ గడప దాకా తడుముకోకుండా వచ్చినట్టు ఆమెకు అనిపించింది.

"ఒడి చూపీ," అంది తిప్పమ్మ.

"లేదత్తా. మందు చల్లినారంట."

"ఎవురు చెప్పినారు?"

"గంగాధరప్పే."

తిప్పమ్మ సంగటికట్టె పక్కన పెట్టింది. "నువ్వేం చేసినావు? గమ్మున వచ్చినావు. నీకు నోరనేది ఒకటి ఉండాదని తెల్సా?" అని, సంగటి మీద ఉప్పూ కారం వేసి బిడ్డ ముందుకు తోసింది.

*

మరునాడు కదిరమ్మ అందరికంటే ముందు పోయి దావ ఒడ్డున నిలబడింది. ఎందుకు నిలబడ్డావని అడిగేవాళ్ళు లేరు గానీ, అడిగితే చెప్పడానికి మాట వెతుక్కుంటూనే ఉంది. కాసేపటికి మలుపులో కట్టెల మోపు కనబడింది. మోపు కింద కట్టెలామె. నోట్లో ఆకూ వక్కా, మెడ బిగబట్టి, ఎప్పటి నడకే నడుస్తోంది.

"ఏం పిల్లా, నిన్న ఈడే ఉంటివి, ఈ పొద్దూ ఈడే ఉండావు. ఎవురి కోసరం?" అని నవ్వి దాటిపోయింది.

కదిరమ్మకు ముందు ఊపిరి వచ్చింది, ఆ వెనకే, నిన్న చెప్పకుండా ఊరుకున్నందుకు సిగ్గు వచ్చింది. రాత్రి ఆమె ఇంట్లో ఎంతమంది ఆ కూర తిన్నారో. వాళ్ళలో చౌడి అంత బిడ్డ కూడా ఉందేమో.

ఆ దినమంతా ఆమె కలుపు తీస్తూ ఆకుల కిందికి చూసింది. పోయిన ఏడు మలేరియా వాళ్ళు వచ్చి గోడలకు మందు కొట్టి పోయారు. ఆ సంగతి ఆమెకు బాగా గుర్తుంది. ఇల్లంతా నెల దినాలు ఘాటు. ఈగలు గోడ మీద వాలినవి వాలినట్టే రాలిపడ్డాయి. కప్పు నుంచి తేలు ఊడిపడింది. రాలిన పురుగుల్ని తిని కోడి ఒకటి మెడ వాల్చేసింది. ఇక్కడ ఘాటు లేదు. తీగల మీద నల్లచీమలు పొడిని తొక్కుకుంటూ బారులు తీరి పోతున్నాయి. వచ్చినవి వచ్చినట్టే తిరిగి పోతున్నాయి. చిగుళ్ళ కొనల్లో, పొడి కిందనే, చిగురు రసం పీల్చే బంకపేను పట్టి ఉంది. సన్నటి నల్లపేను, గింజ గింజా అంటించినట్టు కాడనంతా కప్పేసింది. అది కూడా బతికే ఉంది.

నీళ్ళు తాగే వేళకు ఆమె ఎవరూ చూడకుండా వేలు తడి చేసి, ఆకు మీద ఒత్తి, నాలుకకు అంటించుకుంది. కొంచెం చవుడు, కొంచెం ఉప్పన. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దినమూ పళ్ళు తోముకునే రుచి.

"బూడిద," అంది, పక్కన కూర్చున్న రామాంజినమ్మతో.

"ఏంది?"

"ఇది పొయ్యి బూడిదక్కా. చీమ కూడా సావలేదు చూడు."

రామాంజినమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "నోట్లో పెట్టుకున్నావేమే? నీకేమన్నా పిచ్చా? బూడిదలో కలిపే చల్లుతారంట మందు. మా తమ్ముడు చెప్పినాడు, వట్టిది చల్లితే మొక్క మాడిపోతాదంట."

"దావన పొయ్యే కట్టెలామె నిన్న మాపటికి గిల్లుకోని పోయింది. ఈ పొద్దు మోపెత్తుకోని వచ్చింది."

"దావ పక్క సాలుకు చల్లినారో లేదో! ఆడ ఉండేది బండ్ల దుమ్ము. తెల్లగుండేదంతా మందేనా?" అంది చిన్నక్క. తర్వాత గొంతు తగ్గించి, "ఏమ్మే కదిరీ, మమ్మల్ని గిల్లించి పట్టిచ్చేదానికి నిన్ను పెట్టలేదు గదా గంగాధరప్ప?" అంది.

చిన్నక్క నవ్వుతున్నదో లేదో కదిరమ్మకు ఆమె మొహంలో తెలియలేదు. ఆ ఆరుగురూ ఒకే వరసలో కూర్చునేవాళ్ళు, ఆ మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కరికీ మధ్య రెండు సాళ్ళు ఎడం వచ్చింది. ఎవరి చేయి ఒడి దగ్గరికి పోయినా, పక్కవాళ్ళ చూపు ఆ చేతి వెంట పోతోంది.

సాయంత్రం కుళ్ళాయప్ప పెరికిన కలుపంతా పోగు చేసి మోపు కట్టాడు. గరికతో పాటు తెగిన అలసంద తీగలూ అందులో ఉన్నాయి. వాటి మీద తెల్లపొడీ ఉంది. మోపు నెత్తికెత్తుకునేటప్పుడు కదిరమ్మ చేయి వేసింది.

"యాడికన్నా ఇది?"

"యాడికేముంది, గంగాధరప్ప ఎనుముకు."

"మందుండాది గదా."

కుళ్ళాయప్ప మోపు సర్దుకున్నాడు. "కడిగి వేస్తారులే," అని గబగబా నడిచాడు.

తాగడానికి మైలు దూరం పోయి చెలమలో గిన్నెతో తోడుకుంటున్న ఊళ్ళో, ఎనుముకు గడ్డి కడిగి వేస్తారట! ఆమె ఆ మాటను ఇంటిదాకా మోసుకుపోయింది గానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరి మనిషివని అడుగుతారు.

*

మూడో దినానికి చేను జిగురు జిగురుగా అయింది. చేయి పెడితే ఆకులు వేళ్ళకు అంటుకుంటున్నాయి. చేను నడిమిన చిగుళ్ళన్నీ ముడుచుకుని, పూతకు రావలసిన మొగ్గలు నల్లబడ్డాయి. గంగాధరప్ప పొద్దునే వచ్చి, ఒక తీగను ఎత్తి చూసి, దించి, ఇంకొకటి ఎత్తి చూశాడు.

"ఎవురు చేసినారిది?"

ఆడవాళ్ళు తలలెత్తారు.

"ఒడి ఆకు వద్దన్నానని కడుపుమంట. ఎవురో చెయ్యి పెట్టినారు. మూడు దినాల కింద పేనన్నదే లేదు నా చేన్లో. రేపు బ్లాకు నుంచి గ్రామసేవకుడు వస్తాండాడు. ఆయప్ప ముందర నా పరువు పోవల్లనా మీకు?"

"పేనును మేమేమన్నా ఒడిలో మోసుకొచ్చినామా?" అంది రామాంజినమ్మ. "ఒడి దులిపేది పోయేటప్పుడేనా? వచ్చేటప్పుడు గూడా దులిపిచ్చు, చూస్తాము."

"నీ నోరే ఒక పేనమ్మా," అన్నాడు గంగాధరప్ప. "కలుపు రేపటితో అయిపోతాది. కాయ కోతకు మీరెవురూ రానక్కర్లేదు. ముదిగుబ్బ నుంచి పిలిపిస్తా."

అతను పోయాక ఆడవాళ్ళు మళ్ళీ తొలికలు పట్టుకున్నారు. కాయ కోత అంటే ఇంకో పది దినాల జొన్నలు. చిన్నక్క ముక్కు చీదింది. ఆమె కదిరమ్మ వైపు చూసిన చూపులో, ఇదంతా నీ నాలుక వల్లనే అన్నట్టు ఏదో ఉంది.

మధ్యాహ్నం కదిరమ్మ సాలు దావ ఒడ్డుకు చేరింది. అక్కడ ఆమె తొలిక ఆపింది. దావ పక్క సాలులో పేను లేదు. మోకాళ్ళ మీద జరుగుతూ ఒక్కొక్క తీగా ఎత్తి చూసింది. దావన పోయేవాళ్ళు ముందు నుంచీ కొనలు గిల్లుతూ వచ్చిన చోటల్లా, ఒకటి పోయి రెండు మూడు కొమ్మలు చీలాయి. ప్రతి చీలిక దగ్గరా ఊదారంగు పూత. రెండు వేళ్ళంత పిందెలు కూడా దిగాయి. రెండు అడుగులు లోపలికి, రెండో సాలులో, ఈ మూడు దినాలూ చిగురు గిల్లినవాళ్ళు లేరు. అక్కడ పేను గుంపులు కట్టి ఉంది. మధ్యలో నాలుగు తీగలకు కట్టెలామె చేయి అందినట్టుంది. వాటికి లేదు.

ఆమె వెనక్కి చూసింది. చేనంతా నల్లటి కొనలు. మూడు దినాల కింద వరకు దినమూ ఆరు ఒడులు ఆ కొనలు ఇళ్ళకు పోయేవి. పేనుకు కావలసింది కూడా ఆ లేత కొనే. ఇన్నాళ్ళూ దాని నోటి కాడది తాము గిల్లుకుని తింటూ వచ్చారు. ఆమెకు ఒక్కసారిగా నవ్వు వచ్చింది. ఎవరన్నా చూస్తారేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

*

గ్రామసేవకుడు గురుమూర్తి సైకిలు మీద పది గంటలప్పుడు వచ్చాడు. ముప్పై దాటని మనిషి, చెవి సందున పెన్సిలు. సైకిలు బోర్డుకు ఆనించగానే గంగాధరప్ప అతన్ని దావ వెంబడి నడిపించాడు. చేను లోపలికి దిగనివ్వలేదు.

"చూడండి సారూ, పూత. చూడండి, పిందె. మీరు చెప్పినట్ల మంద నిలిపిస్తి, వేపపిండి వేస్తి."

"బాగుందయ్యా. మా పుస్తకంలో కూడా ఇంత చిక్కటి పూత లేదు." గురుమూర్తి సంతోషంగా కాగితం తీసి రాసుకున్నాడు. తర్వాత చేలో కూర్చున్న ఆడవాళ్ళ వైపు తిరిగి, "ఏమమ్మా, మీ చేలల్లో కూడా ఇట్లాగే ఎరువు వేసి చూస్తారా?" అన్నాడు.

"మాకు చేన్లు యాడివి సారూ," అంది రామాంజినమ్మ.

కదిరమ్మ లేచి నిలబడింది. ఆమె లేవడం చూసి మిగిలిన ఐదుగురూ పని ఆపారు. తొలిక చేతిలోనే ఉంది.

"సారూ, ఒక మాట. ఈ మందు చేతికంటితే ఎన్ని కడుగులకు పోతాది? ఇంట్లో చిన్నబిడ్డ ఉండాది. ఈ చేత్తోనే సంగటి తినిపిస్తా."

"ఏ మందు?" అన్నాడు గురుమూర్తి.

దావ మీద ఎవరిదో బండి కిర్రుమంటూ పోయింది.

"ఏ మందు, గంగాధరప్పా? ఈ చేనుకు టౌను మందు వెయ్యగూడదని గదా బోర్డు పెట్టింది? ఎరువుతో, బూడిదతో ఎంత పండుతుందో చూపించేదానికి గదా? గమాక్సిను మందేమన్నా కొట్టినావా?"

"అయ్యయ్యో, లేదు సారూ." గంగాధరప్ప కండువా తీసి మళ్ళీ వేసుకున్నాడు. "బూడిదే. మీరు చెప్పిందే. పొయ్యి బూడిద, జల్లెడ పట్టి…"

"మరి ఆమె మందంటుంది?"

"ఆడోళ్ళు సారూ. వాళ్ళకేం తెల్సు?"

"తెలీకపాయె," అంది రామాంజినమ్మ లేస్తూ. "ఒక్క చిగురు నోట్లో పెట్టుకుంటే మనిషి నిలవడని చెప్పింది మా తాతన్నా? నువ్వే గదా! ఒడి విప్పిచ్చి దులిపిచ్చింది బూడిదకా?"

గురుమూర్తి ఆమెనూ, ఎర్రగుడ్డలనూ, గంగాధరప్పనూ మార్చి మార్చి చూశాడు. ఏమీ అనకుండా చెప్పులు విడిచి చేలోకి దిగాడు. నాలుగు సాళ్ళు దాటేసరికి అతని అడుగు ఆగింది. తీగను ఎత్తాడు. వేళ్ళు నల్లగా, జిగురుగా వచ్చాయి.

"బూడిద మంచు మీద చల్లినావా, ఎండలోనా?"

"ఎండలోనే," అన్నాడు గంగాధరప్ప నేల చూస్తూ.

"అంటుకోదు గదా అట్లా చల్లితే. సరే. మరి దావ పక్కన పేను ఎందుకు లేదు?"

గురుమూర్తి పెన్సిలు చెవి సందు నుంచి తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

"ఆ సాలు గిల్లుతాండారు సారూ," అంది కదిరమ్మ. "దావన పొయ్యేవాళ్ళు. పేను లేత కొనకే పడ్తాది. కొన పోతే దానికి నిలువు లేదు. లోపల మేము గిల్లుతాంటిమి. మూడు దినాల నుంచి గిల్లలేదు."

అంత పొడుగు మాట ఆమె నోట ఆ ఆడవాళ్ళెవరూ విని ఉండలేదు. గురుమూర్తి దావ దాకా పోయి, చీలిన కొమ్మలు లెక్కపెట్టి, లోపలికి వచ్చి లెక్కపెట్టి, మళ్ళీ దావ దాకా పోయాడు.

"ఇది నాకు తెలీదు," అన్నాడు చివరికి. "చిగురు గిల్లితే కాయ తగ్గుతుందనే నేనూ అనుకుంటి. గంగాధరప్పా, కొనలన్నీ గిల్లించు. ఈ పొద్దే. వారానికొకసారి గిల్లించు. బూడిద మంచు మీద చల్లు."

గంగాధరప్ప మొహం తేటపడింది. "విన్నారు కదమ్మా. గిల్లండి. గిల్లి ఎరువు గుంతలో వెయ్యండి."

"మేం వచ్చింది కలుపుకన్నా," అంది రామాంజినమ్మ, తొలిక గట్టు మీద పెట్టి, దాని పక్కనే కూర్చుంటూ. మిగిలినవాళ్ళూ వచ్చి కూర్చున్నారు. కదిరమ్మ కూడా. ఆరుగురికీ మధ్య ఎడం లేదు.

గురుమూర్తి దగ్గాడు. "పేను లేని చిగురు తింటే తప్పేముందయ్యా? గుంతలో కుళ్ళేది కడుపుకు పోతుంది."

గంగాధరప్ప చేను వైపు తిరిగాడు. కొనలు గిల్లకపోతే విత్తనం లేదు. ముదిగుబ్బ నుంచి మనుషులు వచ్చేసరికి రెండు దినాలు. "పేనుది గుంతకు," అన్నాడు. "మిగిలింది… ఎత్తుకోని పోండి. కోతకు గూడా మీరే రండి."

కుళ్ళాయప్ప ఎవరూ చెప్పకుండానే పోయి, మూలల్లో కట్టెలు పెరకడం మొదలుపెట్టాడు.

*

సాయంత్రం ఆరు ఒడులూ నిండాయి. ఆడవాళ్ళు నవ్వుకుంటూ దావ పట్టారు. కదిరమ్మ చేతుల జిగురు ఇసకతో రుద్దుకుని వెనక బయలుదేరింది. దావ మలుపు తిరిగాక, కంప చాటున ఒక పచ్చటి కుప్ప కనబడింది. అలసంద చిగురు. ఇంకా వాడలేదు. నాలుగడుగుల తర్వాత ఇంకొకటి. ఊరి మొదట్లో ఇంకో మూడు.

ఆమె నిలబడింది. ముందు కోపం వచ్చింది, ఆ తర్వాత వాళ్ళ ఆలోచన ఆమెకే తోచింది. మందని మాకు చెప్పినాడు. బూడిదని సారుకు చెప్పినాడు. సారుకు భయపడి బూడిదన్నాడేమో. ఏది నిజమని ఎట్లా తెలుస్తుంది?

ఇంటి దగ్గర తిప్పమ్మ ఒడి చూసి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"లోపలికి తేవద్దు. ఊరంతా అనుకుంటాంటే విన్నా. సారు ముందర మాట మార్చినాడంట."

"బూడిదత్తా. నేను నాలుక మీద పెట్టుకుని చూసినా."

"నాలుక మీద పెట్టుకుంటే తెల్సేదైతే మందెందుకవుతాది?"

కదిరమ్మ చిగురు నాలుగు నీళ్ళు కడిగింది. అన్ని నీళ్ళు కూరకు పోస్తుంటే తిప్పమ్మ చూస్తూ ఊరుకుంది. పచ్చిమిరప, చింతపండు, ఉప్పు వేసి ఉడకబెట్టి, పప్పుగుత్తితో ఎనిపింది. వాసనకు చౌడి గోడ తడుముకుంటూ వచ్చి అమ్మ మోకాలు పట్టుకుంది. తిప్పమ్మ బిడ్డను రెక్క పట్టి తన ఒడిలోకి లాక్కుంది.

"బిడ్డకొద్దు."

"సరే. ఈ పూట నేను తింటా. పొద్దుటికి బాగుంటే బిడ్డకు పెట్టు," అంది కదిరమ్మ.

సంగటి ముద్దలో గుంట చేసి కూర పోసుకుంది. దీపం వెలుగులో అత్త కళ్ళు ముద్ద వెంట చేతి నుంచి నోటికి, నోటి నుంచి గొంతుకు దిగడం ఆమె చూసింది. మొదటి ముద్ద మింగేటప్పుడు కట్టెలామె నవ్వు గుర్తుకు వచ్చింది. ఆమె ఇట్లాగే తిని ఉంటుంది, ఎవరూ చూస్తున్నారని తెలియకుండా. పదహారణాల నమ్మకం కదిరమ్మకు మాత్రం ఎక్కడిది? నాలుగు ముద్దలు తిని, నీళ్ళు తాగి, చట్టి మీద మూత పెట్టింది.

తెలవారుతుండగా వాకిట్లో గాజుల చప్పుడుకు ఆమెకు మెలకువ వచ్చింది. తలుపు తీస్తే రామాంజినమ్మ. ఆమె వెనక, దడి అవతల, చిన్నక్కా మిగిలినవాళ్ళూ నిలబడి ఉన్నారు. తొలికలు చేతుల్లో ఉన్నాయి గానీ చేనికి పోయే వేళ ఇంకా కాలేదు.

రామాంజినమ్మ ఆమెను కాళ్ళ నుంచి తల దాకా చూసింది.

"లేచినావా?"

"లేచినా."

"రాత్రి కడుపులో ఏమన్నా…"

"ఏమీ లేదక్కా."

రామాంజినమ్మ దడి వైపు తిరిగి తల ఊపింది. చిన్నక్క కొంగు సర్దుకుంది. రామాంజినమ్మ కాలి బొటనవేలితో నేల గీరింది.

"కూరేమన్నా మిగిలిందా మే? మా ఇంట్లో రాత్రి వట్టి సంగటే తింటిమి."

కదిరమ్మ పొయ్యి వైపు చూసింది. చట్టి పొయ్యి మీద లేదు. తిప్పమ్మ గోడకు ఆనుకుని, చట్టి రెండు కాళ్ళ సందున పెట్టుకుని కూర్చుంది. ఆమె ఒడిలో చౌడి, రెండు బుగ్గలూ నిండి ఉన్నాయి. తిప్పమ్మ చట్టి అడుగును వేలితో చుట్టూ గీరి, ఆ వేలు బిడ్డ నోట్లో పెట్టింది. తల తిప్పకుండానే అంది:

"యాడ మిగుల్తాది!"